‘పోవచ్చు’

నల్లబెల్లి బస్సు దిగి, తాళం తీసి,
సుద్దముక్క చేతికి తీసుకునేసరికి
నాల్గో తరగతిల పదకొండు మందే.
మిరపకాయ ఏరుడు మొదలైంది.
చేను ఎర్రబడ్డ కొద్దీ
నా హాజరుపట్టీల ఖాళీలు పెరుగుతయి.

బోర్డు మీద రాసిన:
అవ్వ అన్నది బువ్వ తిన్నవా బిడ్డా

“ఇందుల అవ్వ మాట ఎక్కడ షురువైంది?
ఎక్కడ అయిపోయింది?”
దగ్గరికేసిన తలుపు దిక్కు చూసినట్టు
అందరూ బోర్డు దిక్కు చూసిండ్రు.

మణిచందర్ లేచిండు.
బువ్వకు ముందట రెండు, బిడ్డకు వెనక రెండు
వంకర గీతలు పెట్టిండు.
“ఇవి మిరపకాయ తొడిమెలు టీచర్!”
పుస్తకంల వాటికి పెద్ద పేరున్నది.
ఆ పూట నేను దాన్ని పలకలేదు.
“అవును రా, మాటనైనా తొడిమెతోనే ఏరాలె.
లేకుంటే ఎవరి మాటో, ఏ కుప్పల కలిసిందో.”

ప్రశ్న గుర్తు ఏమిటిదన్న.
ఎనుమాముల మార్కెట్ల కాంటా కొక్కెం అన్నరు.
ఏదో ఒకటి తగిలియ్యాలె దానికి,
లేకుంటే ఊగుతనే ఉంటది.
ఆశ్చర్యం గుర్తుకు ఎవరూ పోలిక చెప్పలేదు.
కాయలేరిన చేత్తో కన్ను నలుపుకున్న శశిరేఖ
“అమ్మో!” అన్నది.
అదే రాసుకోండ్రి అన్న.

ఇగ ఇండ్లల్ల విన్న మాటలు అడిగిన.
“కల్లంలకు కుక్కను రానియ్యకు.”
వద్దన్నది గనుక నిషేధార్థకం.
“బిందె తే.” విధ్యర్థకం.
“మా తాత టిక్కీని ఒక్కడే మోయగలడు.”
సామర్థ్యార్థకం. కానీ తాతకు నడుము పట్టిందట;
ఆ సంగతి వాక్యంల లేదు.

తొమ్మిది రోజులకు బడికొచ్చింది ఎలుగూరి రవళి.
వేళ్ళు మండుతున్నయేమో,
పెన్సిల్ను గోళ్ళతోనే పట్టుకున్నది.
తొడిమెలన్నీ సరిగ్గనే పెట్టింది:

“సోమారం గూడ బడికి పోవచ్చా బాపు?” అన్న.
“పోవచ్చు” అన్నడు బాపు.

పక్క గడి మాత్రం ఖాళీ.
“ఇది ఏ వాక్యం టీచర్?”
“అనుమత్యర్థకం” అన్న,
పద్నాలుగేండ్ల నుంచి చెప్తున్న నోటితోని.
‘మీరు లోపలికి రావచ్చు’, పుస్తకంల ఉదాహరణ గూడ చెప్పిన.

రవళి రాయలేదు.
“బాపు మబ్బు దిక్కు చూసుకుంట అన్నడు టీచర్.
కాయ కల్లంల ఉన్నది.
‘వాన పడవచ్చు’ అని గూడ
అదే గొంతుతోని అన్నడు.”

పడవచ్చు. పోవచ్చు.
ఒకటే తోక. ఒకటి సందేహం.
రెండోది ఏమిటిదో
ఆ మనిషి మెడ ఎటు తిరిగిందో చూడాలె.
మాటకు అటూ ఇటూ గుర్తులున్నయి,
చూపుకు ఎక్కడ పెట్టాలె?
“గడి అట్లనే ఉండనియ్యి” అన్న,
అంతకన్నా నాకు తెల్వక.

ఆదివారం రాత్రి హన్మకొండల
రేకుల మీద మొదటి చుక్కలు పడ్డయి.
లేచి కూసున్న.
ఎన్నడూ వానను ఇట్ల లెక్కపెట్టలేదు.

సోమవారం పేర్లు పిలిచిన.
ఆమె పేరు కాడ పెన్ను ఆపిన;
చుక్క పెట్టలేదు, గీత కొట్టలేదు.
రెండో గంటకు తలుపు కాడ
తడిసిన సంచి, బురద కాళ్ళు.
“పరదా దొరికింది టీచర్, సగం కాయకు.”
మిగిలిన సగం గురించి నేను అడగలేదు,
ఆమె చెప్పలేదు.

“లోపలికి రావచ్చా?”
“రావచ్చు.”

వెనక బెంచీల నుంచి మణిచందర్
చెయ్యి లేపకుండనే ఒర్రిండు:
“అనుమత్యర్థకం!”